మంద లెక్క తెలిసిన కాపరి



లూకా సువార్త 15వ అధ్యాయములోని తప్పిపోయిన గొఱ్ఱె ఉపమానము మనందరికీ తెలిసినదే. ఆదివార బడిలో చిన్నబిడ్డలు సైతం చెప్పగలరు. నూరింటిలో ఒకటి తప్పిపోతే కాపరి తొంబది తొమ్మిదింటిని విడిచి దానిని వెదకబోయాడు. ఈ భాగమును మేము ఎన్నోసార్లు ప్రసంగించాము. వెదకిన కాపరి ప్రేమను గురించి, దొరికినప్పటి సంతోషమును గురించి చెప్పాము గాని ఒక చిన్న సంగతి మాత్రం చాలాకాలము మా కంటికి ఆనలేదు. ఒకటి తప్పిపోయిందని ఆ కాపరికి ఎలా తెలిసింది? సాయంకాలము దొడ్డి దగ్గర నిలబడి లెక్కపెట్టాడు గనుక తెలిసింది. లెక్కపెట్టని కాపరికి తొంబది తొమ్మిదైనా నూరుగానే కనబడతాయి.

ఈ నెల మనము మాట్లాడుకోబోయేది ఆ లెక్కను గురించే. మన సంఘముల పేరున నడుస్తున్న బోర్డింగులకు, బాలల గృహములకు, అనాథాశ్రమములకు ప్రభుత్వము పెట్టిన నియమములు ఏమిటి? తెలిసీ తెలియక మనము వాటిని ఎక్కడ మీరుతున్నాము? ఆ తప్పులలో పడకుండా ఎలా జాగ్రత్తపడాలి? "మనది దేవుని పని, చట్టముతో మనకేమి?" అనుకునేవారు దయచేసి ఈ వ్యాసమును చివరి వరకు చదవాలని మనవి. ఒకప్పుడు మేమూ అలాగే అనుకున్నవాళ్లమే.

నిప్పట్ల సంచితో వచ్చిన తల్లి

సుమారు పదిహేనేండ్ల క్రిందటి మాట. మేము క్రొత్తగా సేవకు వచ్చిన రోజులు. మందిరము ప్రక్కన రేకుల షెడ్డు వేసి పద్నాలుగు మంది పిల్లలను ఉంచుకొని చదివిస్తున్నాము. అందరూ బీదబిడ్డలే. తల్లిదండ్రులు బెంగళూరులో కట్టడపు పనులకు పోయినవారు కొందరు, తండ్రి లేనివారు కొందరు. విశ్వాసులు బియ్యము తెచ్చి ఇచ్చేవారు. అమ్మగారు వండి పెట్టేది. చూచినవారందరూ మంచి పరిచర్య అన్నారు. మేమూ అదే అనుకున్నాము.

ఒక మంగళవారము మేము పొరుగూరిలో కూడికకు పోయి ఉండగా ఒక మనిషి వచ్చి, నాలుగవ తరగతి చదివే పాపకు తాను చిన్నాయనననీ, తల్లికి జబ్బు చేసిందనీ, పిల్లను చూడాలని కలవరిస్తోందనీ చెప్పాడు. పాప కూడా అతనిని గుర్తుపట్టింది. పిల్లలను కనిపెట్టుకొని ఉండే అబ్బాయి మారుమాట లేకుండా పంపించాడు. తిరిగి వచ్చాక మాతో చెప్తే మేమూ "సరే, తల్లి దగ్గరికే కదా" అని ఊరకున్నాము.

ఆ ఆదివారము ఆరాధన ముగిసే వేళకు ఆ తల్లి వచ్చింది. జబ్బు లేదు, ఏమీ లేదు. చేతిలో నిప్పట్లు, బొరుగుల ఉండల సంచి ఉంది. "నా బిడ్డ యాడుంది అయ్యగారూ?" అని అడిగింది. ఆ మాటకు మా నోట జవాబు రాలేదు.

పోలీసు స్టేషనుకు పోయాము. వారు అడిగిన ప్రశ్నలు ఇప్పటికీ మా చెవులలో ఉన్నాయి. పాప ఫోటో ఏది? తీసికొనిపోయిన వాని పేరేమి? సంతకము తీసికొన్నారా? ఏ రోజు, ఎన్ని గంటలకు పోయింది? మీ ఆశ్రమమునకు అనుమతి ఉందా? మా దగ్గర ఉన్నదల్లా ఒక బడి నోటుపుస్తకము. అందులో ఆ పాప పేరు, తరగతి, "కుప్పము వైపు" అన్న రెండు మాటలు. అంతే. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి ప్రక్కన నిలబడి ఆ నోటుపుస్తకమును ఆ అధికారి చేతిలో పెట్టినప్పుడు మాకు కలిగిన సిగ్గును వర్ణించలేము.

తొమ్మిది దినములకు దేవుని కృప వలన పాప దొరికింది. తల్లి తరఫువారే ఆచూకీ తీశారు. కృష్ణగిరి దగ్గర ఒక కోళ్ల ఫారములో గుడ్లు ఏరుతూ ఉంది. అప్పు తీర్చలేక ఆ చిన్నాయన పిల్లను అక్కడ పనికి కుదిర్చాడు. బిడ్డ క్షేమముగా వచ్చింది గనుక ఈ సంగతి వ్రాయగలుగుతున్నాము. రాకపోయి ఉంటే? మా ప్రేమలో లోటు లేదు. మా ప్రార్థనలో లోటు లేదు. మా లెక్కలోనే లోటు.

చట్టము నిన్న మొన్న వచ్చినది కాదు

మన చిత్తూరు, తిరుపతి ప్రాంతములకు బోర్డింగులు క్రొత్తవి కావు. 1853లో ఏర్పడిన అమెరికన్ ఆర్కాటు మిషను వారు చిత్తూరు, పలమనేరు, మదనపల్లె వైపు, హెర్మాన్స్‌బర్గ్ లూథరన్ మిషనరీలు తిరుపతి, కాళహస్తి, పుత్తూరు వైపు బడులు పెట్టి పరిచర్య చేశారు. అటువంటి మిషను బడులలో, బోర్డింగులలో చదివి పైకి వచ్చిన కుటుంబములు మన సంఘములలో ఎన్నో ఉన్నాయి. ఆ మేలును మరువలేము. అయితే మిషనరీలు పోయిన తరువాత, ఎవరికి భారము కలిగితే వారు నలుగురు పిల్లలను చేర్చుకొని ఆశ్రమమని బోర్డు పెట్టడము అలవాటయింది. ప్రేమ మిగిలింది గాని పుస్తకములు వ్రాసే క్రమము చాలా చోట్ల పోయింది.

అనాథాశ్రమములపై పర్యవేక్షణ కోసము కేంద్రము 1960లోనే ఒక చట్టము చేసింది. 2000 సంవత్సరపు జువెనైల్ జస్టిస్ చట్టమును 2006లో సవరించి, పిల్లలను ఉంచుకొనే ప్రతి సంస్థ రిజిస్టరు కావాలన్నారు. అంటే మేము రేకుల షెడ్డు వేసే నాటికే చట్టము ఉంది. మాకే తెలియదు. ఇప్పుడు అమలులో ఉన్నది 2015 చట్టము. అది 2016 జనవరి 15 నుండి అమలులోనికి వచ్చింది.

సుప్రీంకోర్టు కూడా ఈ విషయములో గట్టిగా పలికింది. తమిళనాడులోని మహాబలిపురము అనాథాశ్రమములో పిల్లలకు జరిగిన అన్యాయమును గురించి ఒక పత్రికలో వచ్చిన వ్యాసముతో 2007లో మొదలైన కేసు అది. 2017 మే 5న తీర్పు చెప్తూ, దేశములోని బాలల సంస్థలన్నీ ఆ సంవత్సరము డిసెంబరు 31 లోగా రిజిస్టరు కావాలని న్యాయస్థానము ఆదేశించింది. గనుక "మాకు తెలియదు" అన్న మాట ఇక చెల్లదు.

2024 ఆగస్టులో అనకాపల్లి జిల్లా కోటవురట్ల మండలము కైలాసపట్నములో జరిగినది మనలో చాలామందికి జ్ఞాపకముండే ఉంటుంది. ఒక క్రైస్తవ ట్రస్టు నడుపుతున్న హాస్టలులో, బయటి నుండి తెచ్చిన ఆహారము తిని ముగ్గురు చిన్నారులు చనిపోయారు. ఎంతోమంది ఆసుపత్రి పాలయ్యారు. ఆ హాస్టలుకు అనుమతి లేదని అధికారులు ప్రకటించారు. ఆ వార్త చదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ స్థలములో మేము ఉండవలసినవాళ్లము కామా? తీర్పు తీర్చడానికి ఆ సంగతి ఇక్కడ వ్రాయలేదు. మన ఇల్లు మనము చూచుకోవడానికే వ్రాశాము.

మనము తరచుగా చేసే తప్పులు

మొదటి తప్పు: ట్రస్టు కాగితము చాలుననుకోవడము

"మాకు రిజిస్ట్రేషను ఉందండీ" అని చాలామంది కాపరులు చెప్తారు. చూపించమంటే సొసైటీ కాగితమో, ట్రస్టు దస్తావేజో చూపిస్తారు. అది సంస్థ పుట్టిందని చెప్పే కాగితము మాత్రమే. పిల్లలను ఉంచుకోవడానికి 2015 చట్టములోని 41వ సెక్షను క్రింద వేరే రిజిస్ట్రేషను కావాలి. లారీ కొన్న రసీదు వేరు, నడిపే లైసెన్సు వేరు. ఇదీ అంతే.

"మాది అనాథాశ్రమము కాదు, హాస్టలు" అని ఇంకొందరు అంటారు. పూర్తిగా గాని, కొంతవరకు గాని, ఆదరణ అవసరమైన పిల్లలను ఉంచుకొనే సంస్థ ఏదైనా రిజిస్టరు కావాలని చట్టము చెప్తుంది. బోర్డు మీద పేరు మార్చితే బాధ్యత మారదు. సందేహముంటే జిల్లా కేంద్రములోని స్త్రీ శిశు సంక్షేమ శాఖలో, జిల్లా బాలల సంరక్షణ విభాగములో అడగాలి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరు జిల్లా అయింది గనుక తిరుపతి వైపు వారు తిరుపతిలోనే అడగవచ్చు, చిత్తూరు దాకా పోనక్కరలేదు.

దరఖాస్తుకు 27వ నంబరు ఫారము ఉంది. 2021లో చేసిన సవరణ ప్రకారము జిల్లా కలెక్టరు సిఫారసు కూడా ఉండాలి. దరఖాస్తు అందిన నెలలోగా తాత్కాలిక రిజిస్ట్రేషను ఇవ్వాలి. అది ఆరు నెలల వరకు చెల్లుతుంది. నెలలోగా ఇవ్వకపోతే, దరఖాస్తు అందినట్లున్న రసీదే తాత్కాలిక రిజిస్ట్రేషనుగా చెల్లుతుందని చట్టములోనే ఉంది. గనుక రసీదును జాగ్రత్త చేయండి. పూర్తి రిజిస్ట్రేషను అయిదేండ్లకు ఇస్తారు. గడువు తేదీని మందిరము క్యాలెండరులో వ్రాసి పెట్టుకోండి. గడువు దాటనిచ్చి మరచిపోవడము చాలా సంస్థలు చేసే తప్పు. రిజిస్ట్రేషను లేకుండా నడిపితే ఒక సంవత్సరము వరకు జైలు, లేదా లక్ష రూపాయలకు తక్కువ కాని జరిమానా, లేదా రెండూ. ముప్పది దినముల ఆలస్యమునకు ఒక నేరము చొప్పున లెక్క పెరుగుతూ పోతుంది.

రెండవ తప్పు: దొరికిన బిడ్డను నేరుగా ఇంటికి తెచ్చుకోవడము

తిరుపతికి ప్రతిదినము వేల మంది యాత్రికులు వస్తారు. బస్టాండులో, రేణిగుంట జంక్షనులో తప్పిపోయిన బిడ్డలు, ఇంట్లో అలిగి రైలెక్కి వచ్చిన బిడ్డలు, విడిచిపెట్టబడిన బిడ్డలు కనబడుతూనే ఉంటారు. దయగల విశ్వాసి ఒకరు అట్టి బిడ్డను అయ్యగారి దగ్గరకు తెస్తారు. అయ్యగారు అన్నము పెట్టి, స్నానము చేయించి, పిల్లలలో ఒకనిగా చేర్చుకుంటారు. మనసు మంచిదే. కాని అదే సమయములో ఒక తల్లి ఆ బిడ్డ ఫోటో పట్టుకొని స్టేషను స్టేషను తిరుగుతూ ఉండవచ్చు.

అట్టి బిడ్డ కనబడిన ఇరవై నాలుగు గంటలలోగా 1098 నంబరుకో, పోలీసులకో, బాలల సంక్షేమ సమితికో తెలియజేయాలని చట్టము. తెలియజేయకపోవడము కూడా నేరమే. ఆరు నెలల వరకు జైలు, లేదా పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. బిడ్డను ఎక్కడ ఉంచాలో నిర్ణయించేది ఆ సమితి. మనము కాదు. అన్నము పెట్టండి, ప్రక్కన కూర్చోండి, భయము పోగొట్టండి. ఫోను మాత్రము ముందు చేయండి.

మూడవ తప్పు: పసిబిడ్డను ప్రార్థన చేసి అప్పగించడము

సంఘములో సంతానము లేని దంపతులుంటారు. ఎక్కడో పెంచలేని తల్లి ఉంటుంది. కాపరి మధ్యవర్తియై ప్రార్థన చేసి బిడ్డను చేతిలో పెడతాడు. దీనిని మేలు అనుకుంటాము. చట్టము దీనిని నేరమంటుంది. దత్తత పద్ధతి పాటించకుండా బిడ్డను ఇచ్చినా, పుచ్చుకొన్నా మూడేండ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. డబ్బు చేతులు మారితే అది అమ్మకమే, శిక్ష ఇంకా పెద్దది.

క్రైస్తవులము తెలిసికోవలసిన ఒక మంచి సంగతి ఉంది. 1956 నాటి దత్తత చట్టము హిందువులకే వర్తిస్తుంది. అందువలన మనవారు చాలాకాలము బిడ్డకు సంరక్షకులుగా మాత్రమే ఉండగలిగారు, చట్టము దృష్టిలో తల్లిదండ్రులు కాలేకపోయారు. జువెనైల్ జస్టిస్ చట్టము ఆ తలుపు తెరిచింది. ఇప్పుడు ఏ మతస్థులైనా కేంద్ర దత్తత సంస్థయైన కారా ద్వారా దరఖాస్తు చేసి, కలెక్టరు ఉత్తర్వుతో బిడ్డను పూర్తిగా తమ బిడ్డగా పొందవచ్చు. ఆలస్యమవుతుంది, నిజమే. హన్నా కూడా కనిపెట్టింది.

నాల్గవ తప్పు: పిట్టగోడ లేని మేడ

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనము తీసి చదవండి. క్రొత్త ఇల్లు కట్టేవాడు పైకప్పుకు చుట్టుగోడ కట్టాలని, ఎవరైనా పడిపోతే ఆ రక్తాపరాధము ఇంటి మీదికి రాకూడదని దేవుడు మోషే ద్వారా చెప్పించాడు. కట్టడపు నియమములు కలెక్టరు ఆఫీసులో పుట్టినవి కావు. వాక్యములోనే ఉన్నాయి.

2004 జూలై 16న తమిళనాడు కుంభకోణములో ఒక బడి వంటపాకలో లేచిన మంట పై కప్పుకు ప్రాకి 94 మంది పిల్లలు కాలిపోయారు. పూరి పాకలో పొయ్యి, దాని ప్రక్కనే పిల్లలు. మన బోర్డింగులలో ఎన్నింటిలో ఇదే అమరిక ఉందో ఆలోచించండి. వంటగది పిల్లలు పండుకొనే చోటికి దూరముగా ఉండాలి. పండుకొనే గదికి రెండు వాకిళ్లు ఉండాలి. రాత్రి బయట తాళము వేయకూడదు. మంటలార్పే సిలిండరు ఉండాలి, దానిని వాడడము వండే అమ్మకు తెలిసి ఉండాలి.

2016 మాదిరి నియమముల ప్రకారము పండుకొనే గదిలో పిల్లకు 40 చదరపు అడుగుల చొప్పున స్థలముండాలి. ఏడుగురికి ఒక మరుగుదొడ్డి, పదిమందికి ఒక స్నానాల గది కావాలి. ఆడపిల్లల గృహములో పనిచేసేవారందరూ స్త్రీలే అయి ఉండాలి. ఇరవై మందికి సరిపోయే చోట నలభై మందిని "సర్దుకుంటారులే" అని పెట్టడము విశ్వాసము కాదు.

అయిదవ తప్పు: పెండ్లి భోజనము మిగిలింది, పంపిస్తాము

ఈ మాట ప్రతి బోర్డింగు వింటుంది. పుట్టినరోజులకు, పెండ్లిండ్లకు మిగిలిన బిరియానీ, సాంబారు రాత్రి పదింటికి ఆటోలో వస్తుంది. ఇచ్చేవారి మనసు నొప్పించలేక తీసికొంటాము. కైలాసపట్నము తరువాత ఈ మొగమాటము మానుకోవాలి. దానము చేయదలచినవారు బియ్యము, బేడలు, నూనె ఇవ్వవచ్చు. లేదా పగటిపూట అక్కడే వండించి, పిల్లలతో కూర్చొని తినవచ్చు. వండిన తరువాత పెద్దవారొకరు ముందు రుచి చూచి పుస్తకములో వ్రాయాలి. నీళ్ల తొట్టి ఎప్పుడు కడిగారో కూడా వ్రాయాలి.

ఆరవ తప్పు: బెత్తము

ఇక్కడ మనకు సామెతల గ్రంథము అడ్డువస్తుంది. బెత్తము వాడనివాడు బిడ్డకు శత్రువని వాక్యమే అంది కదా అంటారు. కాని కాపరి చేతిలోని దుడ్డుకఱ్ఱ గొఱ్ఱెలకు ఆదరణ ఎలా అయింది? అది తోడేలు మీదికి లేచిన కఱ్ఱ గనుక. బాలల సంస్థలో క్రమశిక్షణ పేరున పిల్లను కొట్టినవారికి మొదటిసారి పదివేల రూపాయల జరిమానా, మరల చేస్తే మూడు నెలల వరకు జైలు ఉంది. ఎండలో నిలబెట్టడము, అన్నము మాన్పించడము కూడా శిక్షే కాదా? అసలే తల్లిని విడిచి వచ్చిన బిడ్డ.

ఇంకా బరువైన మాట ఒకటి. బిడ్డ మీద లైంగిక అఘాయిత్యము జరిగిందని తెలిసినప్పుడు, "సంఘము పరువు పోతుంది, లోపలే సరిచేసుకుందాము" అనే పెద్దలుంటారు. 2012 పోక్సో చట్టము ప్రకారము తెలిసిన ప్రతివాడు పోలీసులకు చెప్పితీరాలి. తన క్రింద పనిచేసేవాడు చేసిన నేరమును సంస్థ పెద్ద దాచితే సంవత్సరము వరకు జైలు. పరువు మనది, బ్రతుకు బిడ్డది. ఏది పెద్దది?

ఏడవ తప్పు: ఫోటోలు

దాతలకు పంపే పత్రికలలో, ఫోన్లలో "తండ్రి తాగి చనిపోయాడు, తల్లి విడిచి పోయింది" అని పేరుతో, ముఖముతో సహా బిడ్డ ఫోటో వేస్తాము. ఆ బిడ్డ పెద్దయ్యాక ఆ కాగితమును చూస్తే? ఆదరణ అవసరమైన బిడ్డ ఎవరో తెలిసేలా ప్రచురించడమును 74వ సెక్షను నిషేధిస్తుంది. ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా ఉండవచ్చు. దాతకు లెక్క చెప్పాలి గాని బిడ్డ కన్నీరు అమ్మకూడదు.

ఎనిమిదవ తప్పు: జేబులో ఉండే ఖాతా

అపొస్తలుడైన పౌలు చందా సొమ్ము తీసికొనిపోయేటప్పుడు ఒంటరిగా పోలేదు. ప్రభువు ఎదుటనే గాక మనుష్యుల ఎదుట కూడ నిందకు చోటు లేకుండా జాగ్రత్తపడ్డానని 2 కొరింథీయులకు 8వ అధ్యాయములో చెప్పుకొన్నాడు. 1836లో ఇంగ్లాండులోని బ్రిస్టలులో అనాథ గృహము తెరిచిన జార్జి ముల్లరును మనము ప్రార్థనా వీరుడని చెప్పుకుంటాము. ఆయన ఆదరణలో పదివేలకు పైగా పిల్లలు పెరిగారు. ఆయన వచ్చిన ప్రతి కానుకను వ్రాసి, ఏటేటా లెక్క అచ్చువేయించినవాడని మాత్రము చెప్పుకోము. మోకాళ్ల మీద ఉన్నవాడే లెక్కల పుస్తకము ముందు కూడా కూర్చున్నాడు.

విదేశీ చందాల విషయములో నియమములు ఇంకా కఠినము. ఎఫ్.సి.ఆర్.ఎ. రిజిస్ట్రేషను లేకుండా విదేశీ చందా తీసికొనకూడదు. 2020 సవరణ తరువాత ఆ సొమ్ము కొత్తఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనికే రావాలి. ఒక సంస్థ తాను పొందిన విదేశీ సొమ్మును ఇంకొక సంస్థకు ఇవ్వకూడదు. "ఫలానా బ్రదరు ద్వారా తెప్పించుకుంటాము" అనే పాత పద్ధతి ఇప్పుడు ఇద్దరినీ ముంచుతుంది.

ప్రతి బిడ్డకు ఒక ఫైలు

పైన చెప్పినవాటికి అన్నింటికీ వేరు ఒక్కటే. ఈ బిడ్డ ఇక్కడ ఉన్నదని ఎవరికి తెలుసు? చట్టము అడిగే ప్రశ్న అదే. గనుక ప్రతి బిడ్డకు ఒక ఫైలు ఉంచండి. అందులో ఫోటో, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, చిరునామా, రెండు ఫోను నంబర్లు, చేర్చిన తేదీ, ఆరోగ్య వివరములు, బాలల సంక్షేమ సమితి ఉత్తర్వు ఉండాలి. బిడ్డను తీసికొనిపోవడానికి ఎవరెవరికి అధికారముందో తల్లి సంతకముతో ఉండాలి. బిడ్డ పేరును, మతమును తల్లిదండ్రులు చెప్పినట్లే వ్రాయండి. బాప్తిస్మమునకు ముందే పేరు మార్చి పిలవడము మన సాక్ష్యమునకు మచ్చ తెస్తుంది. రాకపోకల రిజిస్టరు వాకిటి దగ్గరే ఉండాలి. సాయంకాలము దీపాలు పెట్టే వేళకు పేర్లు పిలిచి లెక్క చూడాలి.

తల్లిదండ్రులకు ఒక మాట

బిడ్డను బోర్డింగులో చేర్చబోయే అమ్మలారా, అయ్యలారా, అడగడానికి సిగ్గుపడకండి. అయ్యగారిని అడిగితే అవిశ్వాసమేమో అనుకోకండి. రిజిస్ట్రేషను పత్రము చూపించమనండి. పండుకొనే చోటు, మరుగుదొడ్డి, వంటగది కన్నులారా చూడండి. ఖాళీ కాగితము మీద వేలిముద్ర వేయకండి. వ్రాసిన కాగితము చదివించుకొని ఒక ప్రతి తెచ్చుకోండి. మీ నంబరు మారితే వెంటనే చెప్పండి. చెప్పకుండా ఒకరోజు పోయి చూడండి. బిడ్డతో ఒంటరిగా కాసేపు మాట్లాడండి. ఇంటికి పోదామని బిడ్డ ఏడిస్తే "చదువు ఎగ్గొట్టడానికి" అని గదిమేయకండి, ఎందుకో వినండి.

ఇంకొక సంగతి. బిడ్డకు మొదటి ఇల్లు కుటుంబమే, సంస్థ చివరి ఆశ్రయము మాత్రమే అని చట్టమే చెప్తుంది. తండ్రి లేని పిల్లలను, విడిచిపెట్టబడిన తల్లుల పిల్లలను ఇంటి దగ్గరే పెంచుకోవడానికి మిషన్ వాత్సల్య పథకము క్రింద నెలకు 4,000 రూపాయల సహాయము ఉంది. పల్లెలలో కుటుంబ ఆదాయము సంవత్సరమునకు 72,000 దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగములో ఇవ్వాలి. కాపరులారా, ఈ ఫారము నింపి పెట్టడము కూడా పరిచర్యే. యాకోబు పత్రికలో చెప్పబడినట్లు దిక్కులేని పిల్లలను పరామర్శించడానికి వారిని మన షెడ్డులోనికి తేవలసిన పని లేదు. వారి అవ్వ ఇంటికే మనము పోవచ్చు.

మా షెడ్డు ఏమైంది

పాప దొరికిన తరువాతి సంవత్సరము మేము నియమములన్నీ చదివించుకొని లెక్క వేసి చూచుకొన్నాము. మా స్థలము చాలదు, మా శక్తి చాలదు. ఉపవాస ప్రార్థన చేసి, బోర్డింగును మూసివేయాలని నిర్ణయించాము. సంఘములో కొందరు "అయ్యగారు భయపడిపోయినాడు" అన్నారు. కొందరు నెల రోజులు మాతో మాట్లాడలేదు. తొమ్మిది మందిని వారి అవ్వాతాతల దగ్గరకు చేర్చాము. నలుగురిని ప్రభుత్వ హాస్టళ్లలో చేర్పించాము. ఎవరూ లేని ఒక్క పిల్లవానిని బాలల సంక్షేమ సమితి ముందుకు తీసికొనిపోయాము. ఆ రోజు వాడు మా చెయ్యి విడువలేదు. అది మా సేవలో మిక్కిలి కష్టమైన దినము. కాని సమితి పంపిన చోటికి పోయి వానిని చూచి వచ్చేవారము, వాడు చదువుకొన్నాడు. నేడు వాడు ఎక్కడ ఉన్నాడో మాకు తెలుసు. ఆ సంగతి ఎన్నో కాగితములలో వ్రాయబడి ఉంది.

ఆ షెడ్డులో ఇప్పుడు సాయంకాలపు చదువులు జరుగుతున్నాయి. ఊరిలోని అన్ని కులముల పిలకాయలు వస్తారు. పోయేముందు పేర్లు పిలుస్తాము. ఎవరింటికి వారు చేరిన తరువాతే మా ఇంట దీపము ఆర్పుతాము.

అందరూ మూసివేయాలని మేము చెప్పడము లేదు. స్థలమూ శక్తీ ఉన్నవారు చట్టబద్ధముగా, ధైర్యముగా నడపండి. లేనివారు వినయముగా ఒప్పుకోండి. తనిఖీకి వచ్చే అధికారిని శత్రువుగా చూడకండి. ఆ దినము ఆ పోలీసు అధికారి అడిగిన ప్రశ్నలు తీర్పు దినమున ప్రధాన కాపరి అడుగబోయే ప్రశ్నలకు ముందుమాట అని మాకు అనిపిస్తుంది. నీకు అప్పగించిన పిల్లలు ఎందరు? వారి పేర్లేమి? వారు ఎక్కడ ఉన్నారు?

ఈ పత్రిక ప్రక్కన పెట్టి, మీ బోర్డింగు రిజిస్టరు తీసి చూడండి. పేర్లు పిలవండి. లెక్క సరిపోయిందా? ప్రభువు మనకు జ్ఞానమును, నమ్మకత్వమును దయచేయును గాక. ఆమేన్.